లుసినా వాక్యాల నోటుబుక్కు

ఆగస్టు 4, సోమవారం

ఇవాళ పాఠం 'యూజ్డ్ టు'. ఒకప్పుడు చేసేవాళ్లం, ఇప్పుడు లేదు అని చెప్పుకునే మాట. ప్రభుత్వం పంపిన పుస్తకంలో ఉదాహరణ చూస్తే నాకు ఒళ్లు మండింది. ఎవరో ఒకాయన ఒకప్పుడు రైలెక్కి ఆఫీసుకు వెళ్లేవాడట. మా లోయలో రైలు మొహం ఎవడు చూశాడు? అందుకే నా క్లాసులో పుస్తకం వాక్యాలు చెల్లవు. ఇంగ్లీషు మాటల అచ్చు నేను బోర్డు మీద రాస్తాను. నిజంగా జరిగినదాన్ని ఆ అచ్చులో పోసి, పేర్లతో, చోట్లతో, ఒక్కొక్కరూ రోజూ ఒక వాక్యం రాసి తేవాలి. కల్పించి రాస్తే ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేస్తాను. పదకొండేళ్లుగా ఇదే పద్ధతి. పదో తరగతి పరీక్షల్లో మా బడికి పేరొచ్చింది ఊరికే కాదు.

అంబోనె రాశాడు: "మా అన్న ఒకప్పుడు నడిచేవాడు." వీడు మా తింబాలి తెగవాడు. జూన్‌లో వాళ్ల అన్న వెన్నులో కొరెంగ వాళ్ల తూటా దిగింది.

లుసినా రాసింది: "ఒకప్పుడు మేం తింబాలి వాళ్ల పెళ్లిళ్లలో పంది మాంసం తినేవాళ్లం." ఇది కొరెంగ పిల్ల.

రెండింటికీ టిక్కు పెట్టాను. తప్పుల్లేవు.

ఆగస్టు 6, బుధవారం

మా కెపో అన్న బడి ఆవరణలోని నా ఇంటికి వచ్చాడు. తుపాకి బడి చుట్టూ ఉన్న సరుగుడు చెట్ల వరస దగ్గరే వదిలి వచ్చాడు. ఆ వరస దాటి ఆయుధం లోపలికి రాకూడదు, రెండు తెగలూ ఇంతవరకు ఆ మాట మీద నిలబడ్డాయి. కొరెంగ వాళ్ల లారీ కింద పడి మా పెద్దమనిషి పోయినప్పటి నుంచి పదిహేడు మంది పోయారు గానీ, బడిలో ఒక్కరూ పోలేదు.

"ఏమే, ఇంకా ఆ కొరెంగ పిల్లలకు చదువు చెబుతూనే ఉన్నావా?" అన్నాడు, చేపల డబ్బా కోసుకుంటూ.

"నలుగురే మిగిలారు. వాళ్లు వచ్చేది నా మొహం చూసి. అమ్మ వాళ్ల ఆడపడుచు కాదూ?"

"అమ్మ పోయి ఏడేళ్లయింది."

"మేనమామ బతికే ఉన్నాడుగా. లుసినా ఆయన కూతురే. నీకు మరదలు అవుతుంది, గుర్తుందా?"

నవ్వాడు. తిన్నాక బల్ల మీది నోటుబుక్కులు తిరగేశాడు. అన్న ఆరో తరగతిలో ఆగిపోయాడు. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ఒక్కో మాటే కూడబలుక్కుని చదువుతున్నాడు. నాకు భలే ముచ్చటేసింది. నన్ను బళ్లో వేసిన కొత్తలో ఏరు పొంగితే భుజాల మీద కూర్చోబెట్టుకుని దాటించినవాడు, ఇన్నేళ్లకు నా పాఠం నేర్చుకుంటున్నాడు.

ఆగస్టు 12, మంగళవారం

రెండో పీరియడ్‌లో కొండ మీద కాల్పులు మొదలయ్యాయి. రేకుల పైకప్పుకు రెండు చిల్లులు పడ్డాయి. ముప్పై ఒక్కమందిని బెంచీల కింద పడుకోబెట్టాను. నేనూ పడుకున్నాను. అందరూ ఏడుస్తుంటే ఊరుకోలేక నేల మీది నుంచే పాఠం చెప్పాను. 'టూ' అని ఒకటి, 'టు' అని ఒకటి. చేయలేనంత ఎక్కువ అని చెప్పడానికి.

అంబోనె అరిచాడు: "మా టీచరు లేవలేనంత లావు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే గేటు దగ్గర మా వాచ్‌మన్ గొంతులో బాణం దిగింది. ఎవరు వేశారో తెలియదు. సాయంత్రం మేం ఆయన్ని తలుపుచెక్క మీద మోసుకెళ్లాం. రక్తం నా చెప్పుల్లోకి కారింది.

ఆగస్టు 13, బుధవారం

'యూజువల్లీ'. మామూలుగా ఏం చేస్తాం అన్నది. లుసినా వాక్యం అన్నిటికంటే బాగుంది: "మా నాన్న పొయాకలి దగ్గుకు మగవాళ్లంతా కలిసి పడుకునే ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు కాబట్టి, ఆయన మామూలుగా పందుల దొడ్డి పక్కన గుడిసెలో ఒంటరిగా పడుకుంటాడు."

ఇంత పొడుగు వాక్యం ఒక్క తప్పు లేకుండా! క్లాసులో పైకి చదివించాను. కింద 'చాలా బాగుంది' అని రాశాను.

ఆగస్టు 15, శుక్రవారం

అన్న వచ్చాడు. పంది కాళ్లు కాల్చుకు తెచ్చాడు. తిన్నాం. నేను నూతికి వెళ్లొచ్చేసరికి వెళ్లిపోయాడు.

ఆగస్టు 18, సోమవారం

పొయాకలి మామను చంపేశారు.

నిన్న తెల్లవారుతుండగా మా వాళ్లు పన్నెండు మంది ఏరు దాటి వెళ్లారు. మగవాళ్ల ఇంటి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తిన్నగా పందుల దొడ్డికి పోయి గుడిసెకు నిప్పంటించారు. దగ్గుకుంటూ బయటికొచ్చిన మనిషిని వాకిట్లోనే కత్తులతో నరికారు. కుడిచేయి ఇంకా దొరకలేదట. పందుల్ని కూడా వదలకుండా దొడ్డిలోనే కాల్చేశారు.

అన్న ఆ పన్నెండు మందిలో లేడు. మేనమామ మీద చేయెత్తితే వంశం పుచ్చిపోతుందని మాకు పాలతోపాటు నేర్పారు. అన్న ఆ పని చేయడు. చేయలేదు. నేను కనుక్కున్నాను.

ఆగస్టు 19

ఎవరు చెప్పి ఉంటారు?

ఆగస్టు 20

కొరెంగలోనే ఎవడో ద్రోహి ఉండి ఉంటాడు. ఉంటారు అలాంటివాళ్లు.

ఆగస్టు 22, శుక్రవారం

లుసినా నోటుబుక్కు నా దగ్గరే ఉండిపోయింది. పదమూడో తారీఖు పేజీలో కొవ్వు మరక ఉంది, బొటనవేలంత. ఎవరిదైనా కావచ్చు. లుసినా తింటూ రాసిందేమో.

లుసినా తింటూ రాయదు. పుస్తకం ముట్టుకునే ముందు చేతులు గౌనుకు తుడుచుకునే పిల్ల అది.

ఎవరిదైనా కావచ్చు.

ఆగస్టు 25, సోమవారం

లుసినా వచ్చింది. మొహం నిండా తెల్లమట్టి, జుట్టు గొరిగేసుకుంది. మా తింబాలి పిల్లలు దారిచ్చి పక్కకు జరిగారు. నేను దగ్గరకు తీసుకోబోతే బిగుసుకుపోయి నిలబడింది.

"ఇంటికి పో తల్లీ. ఏడ్చుకో."

"పరీక్షకు యాభై రోజులే ఉంది టీచర్. నర్సు చదువుకు పంపిస్తానని నాన్న మాటిచ్చాడు. మాటిచ్చినవాడు లేకపోతే మాట పోతుందా?"

ఇవాళ్టి అచ్చు 'ఇన్ స్పైట్ ఆఫ్'. ఎన్ని అడ్డం వచ్చినా సరే అని చెప్పడానికి. దాన్ని మార్చేద్దామనుకున్నాను, పోన్లే అనిపించింది. లుసినా రాసింది: "నాన్న చేయి దొరక్కపోయినా మేం ఆయన్ని పూడ్చిపెట్టాం."

టిక్కు పెట్టడానికి నాకు చేయి రాలేదు. సంతకం చేశాను.

ఆగస్టు 27, బుధవారం

అడిగేశాను. అన్న పొయ్యి దగ్గర కూర్చుని చిలగడదుంపలు కాలుస్తున్నాడు.

"నువ్వు చదివావా? పిల్ల రాసింది?"

"ఏ పిల్ల?"

"నీ బొటనవేలు ఆ పేజీ మీద ఉంది."

తల ఎత్తలేదు. "చదివితే ఏం? చదవమని బల్ల మీద పరిచిందెవరు? నేను ఆయన్ని ముట్టుకోలేదు జసింతా. చెయ్యి నాది కాదు."

"నోరు నీదేగా!"

"ముచ్చటపడి చదివించుకుంది నువ్వేగా!"

అంతే, నాకు కళ్లు కనిపించలేదు. పొయ్యిలోంచి మండుతున్న కట్టె లాగి మొహం మీద కొట్టాను. రెండోసారి కొట్టేటప్పుడు చేయి అడ్డం పెట్టాడు, వేలు విరిగిన చప్పుడు వినిపించింది. లేచి నన్ను జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. నా ముందు పన్ను ఊడింది. ఇద్దరం నేల మీద దొర్లాం, చిన్నప్పుడు కొట్టుకున్నట్టు. చిన్నప్పుడు మాత్రం అన్న నా గొంతు పట్టుకోలేదు.

హెడ్‌మాస్టర్ తొయమాన్ పరిగెత్తుకొచ్చి విడదీశాడు. ఆయనది సముద్రంలో ఏదో దీవి. మా గొడవలు ఆయనకు పట్టవు, అందుకే ఇంకా బతికున్నాడు.

"అమ్మా, ఏంటిది? మీరు టీచరు కదమ్మా!"

"మా ఇంటి సంగతి సార్. మీరెళ్లండి."

అన్న కాలిన చెంప పట్టుకుని వెళ్లిపోయాడు. ఇందులో నా తప్పు లేదు. వాక్యాలు దిద్దడం నా పని.

సెప్టెంబరు 3

తల నొప్పి. మా వైపు ఇద్దరు, వాళ్ల వైపు ముగ్గురు. ఒకామె దుంపలు తవ్వుకుంటూ ఉండగా కాల్చారు, వీపున బిడ్డ ఉందట.

సెప్టెంబరు 8, సోమవారం

అన్న వచ్చాడు. చెంప మీద ఆకు కట్టుంది. వేలికి పుల్ల కట్టుకున్నాడు. ఇద్దరం ఏమీ జరగనట్టే కూర్చున్నాం. నేను అన్నం పెట్టాను. పెట్టకుండా ఎలా ఉంటాను?

తిని చేయి కడుక్కుని, మెల్లగా అన్నాడు: "ఆ పిల్లకు అంతా తెలిసిపోయింది."

"దానికేం తెలుసు?"

"మొన్న గేటు దగ్గర నన్ను చూసింది. బావా అని పిలవలేదు. చూస్తూనే ఉంది. వాళ్ల బాబాయిలకు చెబుతుంది, వాళ్లు నా కోసం వస్తారు. పరీక్ష దాకా ఆగుతాను, నీ మొహం చూసి. పరీక్ష అయ్యాక ఇక బడి పిల్ల కాదు కదా."

"ఆడపిల్ల రా అన్నా!"

"ఆడపిల్లే. నోరున్న ఆడపిల్ల." తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. "ఈలోగా రాయించు. మంచి మంచి వాక్యాలు రాయించు. నీ పద్ధతి బాగుంది."

నా అన్న ఈ మాట నాతో అన్నాడు. నవ్వుతూ అన్నాడు.

సెప్టెంబరు 9

నోటుబుక్కులు రేకుపెట్టెలో పెట్టాను. తాళం కొనాలి.

సెప్టెంబరు 12

ఊళ్లో కొట్లన్నీ మూసేశారు. తాళం దొరకలేదు. హెడ్‌మాస్టర్ దగ్గర ఉంటుందేమో, అడగాలి.

సెప్టెంబరు 15

అడగలేదు. పెట్టె మంచం కిందే ఉంది. అన్నకు తెలుసు మంచం కిందని.

సెప్టెంబరు 17, బుధవారం

'ఆస్ సూన్ ఆస్'. ఒకటి జరిగీ జరగగానే ఇంకొకటి. లుసినా నోటుబుక్కు చివర తీశాను.

"మా బాబాయిలు గురువారం మధ్యాహ్నం ప్రార్థనకు వెళ్లగానే, మగవాళ్ల ఇంట్లో ముసలి తాత ఒక్కడే మిగులుతాడు, తుపాకులు పొయ్యి వెనక చాప కింద ఉంటాయి."

నాలుగుసార్లు చదివాను. అచ్చు సరిగ్గా ఉంది. స్పెల్లింగులు సరిగ్గా ఉన్నాయి. అక్షరాలు మాత్రం వణికి ఉన్నాయి.

మగవాళ్ల ఇంట్లోకి మా ఆడవాళ్లం అడుగుపెట్టం. గుమ్మం లోపలికి తొంగి చూసినా కాళ్లు విరగ్గొడతారు. పొయ్యి ఎక్కడుందో, చాప ఎక్కడుందో, ఆ పిల్లకేం తెలుసు? ఇంకే పిల్ల ఇలాంటిది రాసినా ఎర్రగా కొట్టేసి పక్కన 'నువ్వు చూశావా?' అని రాసేదాన్ని. పదకొండేళ్లలో వంద సార్లు రాసి ఉంటాను.

టీ పెట్టుకున్నాను. చల్లారిపోయింది. మళ్లీ పెట్టుకున్నాను.

టిక్కు పెట్టాను. పక్కన సంతకం చేశాను.

పెట్టె బరువుగా ఉంది. నడుము నొప్పి. ఈ ఒక్కరోజుకు నోటుబుక్కులు బల్ల మీదే ఉంచాను.

సాయంత్రం అన్న వచ్చాడు.

సెప్టెంబరు 18, గురువారం

పొద్దున్నే అన్న మళ్లీ వచ్చాడు, దారిలో తినడానికి కాల్చిన దుంపలు కావాలని. పెద్దవి ఏరి నాలుగు ఇచ్చాను. వేలు ఎలా ఉందని అడిగాను. బాగానే వంగుతోందన్నాడు. ఎక్కడికని అడగలేదు. నేనెప్పుడూ అడగను.

సెప్టెంబరు 19, శుక్రవారం

నిన్న ఆరుగురు వెళ్లారు. ఇద్దరు వచ్చారు.

మగవాళ్ల ఇంటి తలుపు తీసి ఉందట. లోపల ముసలి తాత లేడు. చుట్టూ చెరుకుతోటలో ఇరవై మంది కూర్చుని ఉన్నారు. తప్పించుకొచ్చిన ఇద్దరిలో ఒకడి పొట్టలో తూటా ఉంది, పొద్దుటికి పోయాడు. మా అన్నను ముందు మోకాళ్ల మీద కొట్టి పడేసి, తర్వాత గొడ్డలి వాడారు. పొయాకలి మామకు పోయిన చేయే తీసుకున్నారు, కుడిది. ఇవాళ మధ్యాహ్నానికి ఏరు ఒడ్డున పడేసి వెళ్లారు. నేనే వెళ్లి మోసుకొచ్చాను. తల నా భుజం మీద పడి ఊగింది. కాలిన మచ్చ చెంప మీద ఇంకా గులాబీ రంగులోనే ఉంది.

అన్నా. నా అన్నా.

సెప్టెంబరు 24

మట్టి పూసుకుని కూర్చున్నాను. ఆడవాళ్లందరూ ఏడుస్తుంటే నాకు ఏడుపు రాలేదు. దుఃఖం ముదిరితే అంతేనని వాళ్లే సర్దిచెప్పుకున్నారు.

నాకు తెలియదు. ఆ వాక్యం నిజమో కాదో నాకెలా తెలుస్తుంది? ప్రార్థనలు గురువారం కూడా జరుగుతాయి.

సెప్టెంబరు 25

జరగవు.

అక్టోబరు 6, సోమవారం

బడి మళ్లీ తెరిచారు. కొరెంగ పిల్లలు నలుగురూ వచ్చారు, హెడ్‌మాస్టర్ బండి వంతెన దాకా పంపించి తెప్పించాడు. పరీక్ష అయ్యేదాకా సైన్సు గదిలో పడుకోబెడతాడట. ఆ దీవి మనిషికి ఇంత గుండె ఉందనుకోలేదు.

నేను ప్రభుత్వం పంపిన పుస్తకమే తీశాను. రైలెక్కిన ఆయన పాఠం చెప్పాను.

బెల్లు కొట్టాక లుసినా ఆగింది.

"వదినా, ఆ రోజు నేను రాసింది మీరు చదివారా?"

బడిలో నన్ను వదినా అనడం ఇదే మొదలు.

"చదివాను."

"నా వాక్యం బావ చదివాడని బాబాయిలకు అర్థమైంది, పక్కన కూర్చుని రాయించారు. రాయకపోతే అమ్మను కొడతామన్నారు. నేను రాశాను. పరవాలేదులే, వదిన చూడగానే కొట్టేస్తుంది, ఎర్రగా కొట్టేసి ఉంటే కెపో బావ ఆగిపోతాడు అనుకున్నాను." చేతులు గౌనుకు తుడుచుకుంది. "బావ చావాలనే ఉండింది నాకు. దేవుడి తోడు, ఉండింది. అయినా నా చేత్తో వద్దనుకున్నాను. మీరున్నారు కదా అనుకున్నాను."

"నా ధ్యాస ఎక్కడో ఉంది ఆ రోజు" అన్నాను. "సరిగ్గా చూసుకోలేదు."

నా మొహంలోకి చూసింది. "మీరా?" అంది.

అక్టోబరు 7

ఇక్కడ రాసేది నేను తప్ప ఎవరూ చదవరు. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే నేనేం మనిషిని? నాకు తెలుసు. మొదటిసారి చదవగానే తెలుసు. అన్న ఆ పిల్లను చంపుతానన్నాడు, నేను అన్నను పంపించాను. పదమూడేళ్ల పిల్లాడి భుజాల మీద ఏరు దాటినదాన్ని, వాడికి దారిలో తినడానికి దుంపలు కట్టి ఇచ్చి పంపించాను. వేరే దారి లేదా అంటే ఉంది. పెట్టెకు తాళం వేయొచ్చు. పిల్లను హెడ్‌మాస్టర్‌కు అప్పజెప్పొచ్చు. అన్న కాళ్లు పట్టుకోవచ్చు. అవేవీ నేను చేయలేదు. మామ చేయి గుర్తొచ్చింది, నా పన్ను గుర్తొచ్చింది, 'నీ పద్ధతి బాగుంది' అన్న మాట గుర్తొచ్చింది, కోపం ఆగలేదు. పిల్ల కోసం అన్నది సగమే నిజం.

అక్టోబరు 14, మంగళవారం. పరీక్ష

పొద్దున ఎనిమిదింటికి పిల్లలు హాల్లో కూర్చున్నారు. తొమ్మిదింటికి మా తింబాలి మగవాళ్లు ముప్పై మంది సరుగుడు చెట్ల దగ్గరికి వచ్చారు. పది గంటలకు చెట్లు దాటారు. కత్తులతో, తుపాకులతో దాటారు. ఇప్పుడు గేటు బయట నిలబడి ఉన్నారు.

కెపో చనిపోయే ముందు రోజు స్నేహితులతో గొప్పలు పోయాడట, కబురు మా చెల్లెలి బడి పుస్తకంలో దొరికిందని. ఆ బతికొచ్చినవాడు ఇన్నాళ్లకు నోరు విప్పాడు. పినతండ్రి లొంబె గేటు ఊచల్లోంచి నాతో మాట్లాడాడు.

"ఏ పిల్ల రాసింది? పేరు చెప్పు, మిగతావాళ్లను వదిలేస్తాం. చెప్పకపోతే నలుగుర్నీ తీసుకుపోతాం."

"పరీక్ష జరుగుతోంది బాబాయ్."

"నీ అన్న చచ్చాడే! పరీక్ష అంటావేంటి?"

"పిల్లలందరిలో మనవాళ్లూ ఉన్నారు. గోల చేస్తే అంబోనె కూడా తప్పుతాడు. బెల్లుకు పది నిమిషాల ముందు నేనే వచ్చి చెబుతాను. ఎవరివల్ల పోయాడో నేనే చెబుతాను."

పళ్లు నూరుకుంటూ ఒప్పుకున్నాడు. మా వాళ్లకు చదువంటే భయం, మర్యాద రెండూ ఉన్నాయి.

లుసినా నోటుబుక్కు పొయ్యిలో పడేశాను. కాలేదాకా నిలబడ్డాను.

హెడ్‌మాస్టర్‌తో మాట్లాడేశాను. ఆయన ఏడుస్తున్నాడు, పిచ్చి మనిషి. బండిని వంటగది వెనక్కి తిప్పి పెట్టాడు. పిల్లలు రాసి లేవగానే నలుగుర్నీ వెనక తలుపు నుంచి ఎక్కించుకుంటాడు. పశువుల బాట మీదుగా వంతెనకు పన్నెండు నిమిషాలు, అది దాటితే కొరెంగ వాళ్ల నేల.

"మీరూ ఎక్కండమ్మా" అన్నాడు.

"గేటు దగ్గర ఎవరూ లేకపోతే వాళ్లు వెనక్కే వస్తారు సార్."

కిటికీలోంచి హాలు కనిపిస్తోంది. లుసినా తల ఎత్తలేదు. చివరి పేజీలో ఉంది, వేగంగా రాస్తోంది. జుట్టు ఇప్పుడిప్పుడే మొలుస్తోంది.

వాళ్లు అడిగింది పేరు. నా పేరు చెబుతాను. అబద్ధమని తెలిసి, టిక్కు పెట్టి, అన్న చేతికి అందేలా ఉంచింది నేనే అని చెబుతాను. నమ్మడానికి కొంచెంసేపు పడుతుంది వాళ్లకు. లొంబె బాబాయ్ నన్ను ఎత్తుకుని పెంచినవాడు, ముందు తిడతాడు, తర్వాత ఏడుస్తాడు. ఆ తర్వాతే కత్తి తీస్తాడు.

బండి వంతెన చేరడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. అంతకంటే ఎక్కువే నిలబడాలి నేను.